దశావతారాల బాక్సు, కస్టమ్స్ గోల: నా అనుభవం

మాది విజయవాడ. నాలుగేళ్ళ నుంచి కొండపల్లి బొమ్మలు ఆన్‌లైన్లో అమ్ముతున్నా. పెద్ద వ్యాపారం ఏం కాదు, నెలకి పది పదిహేను పార్సిళ్ళు, దసరా సంక్రాంతి ముందు మాత్రం ఇల్లంతా అట్టపెట్టెలే. కొనేవాళ్ళలో సగం మంది బయటి దేశాల్లో ఉన్న మనవాళ్ళే, బొమ్మల కొలువు పెట్టుకోవడానికి. బొమ్మలు చేసే బాబాయి గారిది కొండపల్లిలో బొమ్మల కాలనీ, నేను చిన్నప్పటి నుంచి ఎరిగిన ఇల్లు.

ఈ మధ్య ఒకావిడ మెసేజ్ పెట్టి "అక్కా నేను కూడా మంగళగిరి చీరలు బయటికి పంపుదాం అనుకుంటున్నా, కస్టమ్స్ ఎలా ఉంటుంది" అని అడిగింది. ఫోన్లో చెప్పడం మొదలెడితే గంట పట్టింది, ఇంకా సగం మిగిలిపోయింది. అందుకే నాకు జరిగినవి జరిగినట్టు రాసేస్తున్నా, డబ్బులు పోగొట్టుకున్నవి కూడా.

మొదట్లో నాకు కస్టమ్స్ అంటే ఏమీ తెలీదు. నా మొదటి ఫారిన్ ఆర్డర్ న్యూజెర్సీ, తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడి బొమ్మ ఒక్కటి. పోస్టాఫీసుకి పట్టుకెళ్తే ఫారం ఇచ్చారు, అందులో గిఫ్టా, డాక్యుమెంట్లా, అమ్మిన సరుకా అని గళ్ళు ఉంటాయి. నా వెనక క్యూలో నిలబడ్డ ఒక పెద్దాయన "గిఫ్ట్ అని టిక్ పెట్టమ్మా, అక్కడ టాక్స్ పడదు, మా అబ్బాయికి ఆవకాయ అలాగే పంపుతా" అన్నాడు. ఆయన చెప్పింది ఆయన వరకు కరెక్టే, కొడుక్కి పంపేది గిఫ్టే కదా. నేను డబ్బు తీసుకుని అమ్మినదానికి గిఫ్ట్ అని రాస్తే అది అబద్ధం, దొరికితే పార్సిల్ ఆగిపోవచ్చు. ఇదంతా ఆ రోజు నాకు తెలిసి కాదు, పక్కన "అమ్మిన సరుకు" అని గడి కనిపించింది, అమ్మాను కదా అని అందులో టిక్ పెట్టా, అంతే. తెలీకుండా చేసిన మంచి పని అదొక్కటే.

ఆ తర్వాత ఒక్కోటీ పట్టుకున్నా. ఐఈసీ అని ఎక్స్‌పోర్ట్ చేసేవాళ్ళకి ఒక కోడ్ ఉంటుంది, డీజీఎఫ్‌టీ అని కేంద్రం వాళ్ళ విదేశీ వాణిజ్య విభాగం సైట్లో అయిదొందలు కట్టి ఇంట్లో కూర్చుని తీసుకోవచ్చు, ఏజెంట్ ఎవరైనా వేలు అడిగితే ఇవ్వకండి. ఏటా ఏప్రిల్ నుంచి జూన్ లోపు ఒకసారి సైట్లోకి వెళ్ళి వివరాలు కన్ఫర్మ్ చేయాలి, మర్చిపోతే కోడ్ పనిచేయదు, నేను ఒక ఏడాది మర్చిపోయా. జీఎస్టీ ఉన్నవాళ్ళు ఎల్‌యూటీ, అంటే ఎక్స్‌పోర్ట్ చేస్తామని ముందే ఇచ్చే హామీ పత్రం, వేస్తే ఎక్స్‌పోర్ట్ మీద టాక్స్ ముందు కట్టక్కర్లేదు, అది కూడా ప్రతి ఆర్థిక సంవత్సరం కొత్తగా వేయాల్సిందే. పోస్టులో పంపేవాళ్ళకి డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రం, అంటే పోస్టాఫీసు ఎగుమతుల కేంద్రం, అని ఉంది, దాని పోర్టల్లో ఇంటి దగ్గరే వివరాలు ఎక్కించి పోస్టల్ బిల్ ఆఫ్ ఎక్స్‌పోర్ట్ తయారుచేసి లేబుల్ ప్రింట్ తీసుకుని కౌంటర్లో ఇస్తే చాలు. మొదటిసారి నాకు మూడు గంటలు పట్టింది, ఇప్పుడు పది నిమిషాలు.

ఇందులో అందరూ తేలిగ్గా తీసుకునేది ఏంటంటే సరుకు వివరం రాసే లైను. నేను మొదట్లో "టాయ్స్" అని ఒక్క ముక్క రాసేదాన్ని. మనకి బొమ్మ అంటే అన్నీ బొమ్మలే, ఆడుకునేదీ బొమ్మే కొలువులో పెట్టేదీ బొమ్మే. కస్టమ్స్ వాళ్ళకి అలా కాదు, పిల్లలు ఆడుకునేవి 9503 కింద, చెక్కతో చేసిన అలంకరణ బొమ్మలు 4420 కింద వస్తాయి, దీన్నే హెచ్ఎస్ కోడ్ అంటారు. పైగా అమెరికాలో పిల్లల ఆటవస్తువు అంటే సేఫ్టీ టెస్టులు సర్టిఫికెట్లు అని వేరే రూల్స్ ఉన్నాయి. నేను అమ్మే దశావతారాల సెట్టు పిల్లాడి చేతికిస్తే అయిదు నిమిషాల్లో వామనుడి గొడుగు ఊడొస్తుంది, అది ఆటవస్తువు ఎలా అవుతుంది. అందుకని ఇప్పుడు "చేత్తో చేసిన చెక్క అలంకరణ బొమ్మలు, పది, రంగు వేసినవి, ఇండియాలో తయారీ" అని ఇంగ్లీషులో పూర్తిగా రాస్తా, ఒక్కో బొమ్మ ధర, బరువు విడిగా. లిస్టింగ్‌లో కూడా టాయ్ అనే మాట తీసేసి అదే రాశా, ఫారంలో ఒకటి సైట్లో ఒకటి ఉండకూడదు కదా.

ఇంకొకటి గడ్డి. బాబాయి గారు బొమ్మల్ని వరిగడ్డిలో పెట్టి ఇస్తారు, వాళ్ళ నాన్న కాలం నుంచి అంతే, గడ్డిలో పెడితే చెయ్యి విరగదు అంటారు, నిజమే కూడా. మెల్‌బోర్న్ నుంచి ఆర్డర్ పెట్టినావిడ ముందే మెసేజ్ పెట్టింది కాబట్టి బతికిపోయా, ఆస్ట్రేలియాలో ప్యాకింగ్‌కి గడ్డి వాడటం అస్సలు ఒప్పుకోరట, చెక్క వస్తువులైతే పురుగు ఉందా బెరడు ఉందా అని కూడా చూస్తారట. ఆ రాత్రి నేనూ మా అమ్మాయీ కూర్చుని ఏనుగు అంబారీ సందుల్లోంచి ఒక్కో గడ్డిపోచా పుల్లతో లాగి, పాత చీర ముక్క తడిపి తుడిచి, ఆరబెట్టి, కాగితం చుట్టి పెట్టాం. తొండం కింద ఒక వడ్లగింజ ఇరుక్కుని ఉంది, అది చూసి మా అమ్మాయి "అమ్మా స్మగ్లింగ్" అని ఒకటే నవ్వు. అప్పట్నుంచి ఫారిన్ పార్సిల్ ఏదైనా గడ్డి లేదు. ఆస్ట్రేలియాలో జీఎస్టీ పది శాతం, వెయ్యి ఆస్ట్రేలియన్ డాలర్ల లోపు అయితే కొనేటప్పుడే మార్కెట్‌ప్లేస్ వాళ్ళు, అంటే మనం అమ్మే సైటు వాళ్ళు, వసూలు చేసుకుంటారు, నాకు పనిలేదు.

ఇంగ్లండ్ దగ్గర మాత్రం నా తెలివితేటల వల్లే దెబ్బతిన్నా.

అక్కడ 135 పౌండ్ల లోపు సరుకైతే 20 శాతం వ్యాట్ కొనేటప్పుడే బిల్లులో పడిపోతుంది, 2021 జనవరి నుంచి ఇదే పద్ధతి. మార్కెట్‌ప్లేస్ వసూలు చేసి కట్టేస్తుంది, పార్సిల్ హాయిగా ఇంటికి వెళ్తుంది. 135 దాటితే ఈ లెక్క వర్తించదు, బోర్డర్లో ఆపి తీసుకునేవాళ్ళ దగ్గర వ్యాట్ వసూలు చేస్తారు, దానిమీద హ్యాండ్లింగ్ ఫీజు. ఇది నాకు తెలుసు. తెలిసే చేశా.

లండన్ పక్కన ఒకే ఇంట్లో ఇద్దరు తోడికోడళ్ళు. పెద్దావిడ పెళ్ళి సెట్టు ఆర్డర్ పెట్టింది 74 పౌండ్లు, రెండ్రోజులకి చిన్నావిడ ఏనుగు అంబారీ పెట్టింది 78 పౌండ్లు. ఇద్దరూ కొనేటప్పుడు వ్యాట్ కట్టేశారు. ఒకే అడ్రస్ కదా రెండూ ఒకే బాక్సులో పెడితే పోస్టేజీ మిగులుతుంది, మిగిలింది వాళ్ళకే వెనక్కి ఇచ్చేద్దాం అనుకున్నా, మంచి పేరు వస్తుందని కూడా అనుకున్నా, అబద్ధం ఎందుకు. ఒకే బాక్సు, ఒకే ఫారం, విలువ 152 పౌండ్లు. 135 దాటింది. కస్టమ్స్ వాళ్ళకి విడివిడి ఆర్డర్లని ఎలా తెలుస్తుంది, బాక్సు చూస్తారు ఫారం చూస్తారు. పోస్టేజీ 18 పౌండ్లు కూడా కలిపి 170 మీద 20 శాతం అంటే 34, హ్యాండ్లింగ్ 8, మొత్తం 42 పౌండ్లు కట్టి తీసుకెళ్ళండని పెద్దావిడకి కార్డు వచ్చింది. ఆవిడ ఫోటో తీసి పంపింది, కింద ఒక్క మాట, "ఇదేంటండీ?"

నేను ఏం చెప్పాలి. మీకు డబ్బు మిగుల్చుదామని చేశా, రెండోసారి టాక్స్ పడింది అని చెప్పా. 42 పౌండ్లూ నేనే వెనక్కి వేశా. మొదట కట్టిన వ్యాట్ కోసం మార్కెట్‌ప్లేస్ వాళ్ళకి ఆవిడ కార్డు, రసీదు అన్నీ పంపి అడిగింది, చాలా ఉత్తరాలు నడిచాయి, చివరికి ఏమైందో నేను మళ్ళీ అడగలేదు, మొహం చెల్లక. చిన్నావిడ మాత్రం తర్వాత కూడా కొంటూనే ఉంది. ఇప్పుడు ఒకే ఇంటికి నాలుగు ఆర్డర్లు వచ్చినా నాలుగు బాక్సులే, నాలుగు ఫారాలే.

సరే ఇక అమెరికా. అసలు నేను రాయాలనుకున్నది ఇదే.

2016 నుంచి 2025 ఆగస్టు దాకా అమెరికాకి 800 డాలర్ల లోపు పార్సిల్‌కి డ్యూటీ ఉండేది కాదు. నా లాంటివాళ్ళ వ్యాపారం నిలబడిందే దాని మీద. అంతకుముందు ఆ లిమిటు 200. నా సెట్టు ఎంత పెద్దదైనా 800 డాలర్ల దరిదాపుల్లోకి కూడా రాదు కాబట్టి అమెరికా వాళ్ళకి టాక్స్ అనే మాటే నేను ఎప్పుడూ చెప్పాల్సి రాలేదు, లిస్టింగ్‌లో "కస్టమ్స్ ఉండదు" అని ధీమాగా రాసి కూడా పెట్టా. 2025 ఆగస్టులో ఆ లైను తీసేసేటప్పుడు నిజంగా చెయ్యి రాలేదు.

టెక్సస్‌లో ఉండే ఒకావిడ, మొదటి కాన్పు తర్వాత మొదటిసారి కొలువు పెట్టుకుంటోంది, జూలై చివర్లో దశావతారాల సెట్టు ఆర్డర్ పెట్టింది. సెట్టు 4,400 రూపాయలు, సుమారు 50 డాలర్లు. ఆ ఏడాది నవరాత్రులు సెప్టెంబర్ 22న మొదలు. మామూలుగా అయితే వెంటనే పంపేసేదాన్ని, కానీ వానలు. తెల్ల పొణికి కర్ర ముందు ఆరాలి, చేతులూ కాళ్ళూ విడిగా చెక్కి చింతగింజల మక్కుతో అతికిస్తారు, అదీ ఆరాలి, తర్వాత రంగు. బాబాయి గారిని తొందరపెడితే "అమ్మా, మక్కుకి నీ తారీఖులు తెలీవు" అన్నారు. అలా అలా బొమ్మలు నా చేతికి వచ్చేసరికి ఆగస్టు 20, పోస్టు చేసింది 21.

ఈలోపు వార్తలు చూస్తూనే ఉన్నా. ఆగస్టు 7 నుంచి అమెరికాలో మన సరుకు మీద 25 శాతం డ్యూటీ, 27 నుంచి ఇంకో 25, మొత్తం 50. 29 నుంచి 800 డాలర్ల మినహాయింపు అన్ని దేశాలకీ రద్దు. అయినా 21న వేసిన పార్సిల్ 29 లోపు వెళ్ళిపోతుందిలే అని ధైర్యం. వెళ్ళలేదు. అసలు చిక్కు ఏంటంటే ఆ డ్యూటీ ఎవరు వసూలు చేయాలి, ఎలా కట్టాలి అన్నది తేలక విమానాల వాళ్ళు అమెరికా పోస్టల్ పార్సిళ్ళు ఎక్కించుకోం అన్నారు, దాంతో 25 నుంచి మన తపాలా శాఖ అమెరికాకి బుకింగ్ ఆపేసింది, మొదట ఉత్తరాలూ వంద డాలర్ల లోపు గిఫ్టులూ వదిలారు, తర్వాత వారంలో అవీ ఆపేశారు. నా దశావతారాలు దేశం దాటకుండానే ఆగిపోయాయి. ట్రాకింగ్‌లో మూడు వారాలు ఒకటే లైను, పొద్దున లేవగానే అదే చూడటం, పాలు పొంగిపోతున్నా అదే చూడటం.

ఆవిడకి రోజూ ఏదో ఒకటి చెప్పాలి కదా. ప్రైవేట్ కొరియర్ ఒకటి అడిగి చూశా. చార్జీ ఏడు వేల పైన చెప్పారు, దానిమీద డ్యూటీ, దానిమీద క్లియరెన్స్ చార్జీ అట. నాలుగు వేల బొమ్మలకి పది వేల ఖర్చు. ఆవిడే "వద్దులెండి, ఆ డబ్బుకి ఇంకో రెండు సెట్లు వస్తాయి" అంది.

సెప్టెంబర్ మధ్యలో బాక్సు నా ఇంటికే తిరిగొచ్చింది. పోస్టేజీకి అప్లికేషన్ పెట్టుకుంటే వెనక్కి ఇచ్చారు, అది ఒప్పుకోవాలి. బాక్సు విప్పితే పరశురాముడి గొడ్డలి ఊడిపోయి అడుగున ఉంది. ఆవిడకి డబ్బు వెనక్కి ఇచ్చేస్తా అన్నా. "వద్దండీ, మీ కొలువులో పెట్టండి, ఫోటో పంపండి, దారి తెరిచాక సంక్రాంతికి పంపుదురు గాని" అంది. ఇలాంటి కస్టమర్ అందరికీ దొరకదు. ఆ దసరాకి మా ఇంట్లో పై మెట్టు మీద ఆవిడ దశావతారాలు, బాబాయి గారు మక్కు పెట్టి గొడ్డలి అతికించి పంపారు.

అక్టోబర్ 15 నుంచి అమెరికాకి పోస్టు మళ్ళీ మొదలైంది. ఈసారి పద్ధతి వేరు. దీన్ని డీడీపీ అంటారు, అంటే డ్యూటీ పంపేవాళ్ళే ఇక్కడ బుకింగ్ అప్పుడే కట్టేయాలి, అమెరికా కస్టమ్స్ ఒప్పుకున్న ఏజెన్సీ ద్వారా అది అక్కడ జమ అవుతుంది, తీసుకునేవాళ్ళ గుమ్మంలో ఎవరూ డబ్బు అడగరు. అప్పట్లో రేటు సరుకు విలువ మీద నికరంగా 50 శాతం. సరుకు విలువ అంటే ఎఫ్ఓబీ, బొమ్మల ధర మాత్రమే, మనం కట్టే అంతర్జాతీయ పోస్టేజీ అందులో రాదు. ఇది చాలామంది కలిపేసి ఎక్కువ కడుతున్నారు, చూసుకోండి. కొరియర్లో అయితే దీనిమీద వస్తువుని బట్టి మామూలు డ్యూటీ కూడా పడేది, పోస్టులో అది లేదు, డీడీపీ కోసమని తపాలా శాఖ విడిగా చార్జీ కూడా వేయలేదు.

లెక్క వేసుకుంటే 4,400కి 2,200 డ్యూటీ. ఇది ఎవరు కట్టాలి?

మూడు రోజులు తర్జనభర్జన పడ్డా. నాకు ఒక సెట్టు మీద మిగిలేది అయిదారు వందలు. మొత్తం నేను కడితే చేతి నుంచి పోతుంది. మొత్తం ఆవిడ మీద వేస్తే ఎప్పుడో కుదిరిన బేరానికి ఇప్పుడు సగం ఎక్కువ అడిగినట్టు. నాలాగే చీరలు అమ్మే ఒకాయన్ని అడిగితే "మేడమ్ విలువ సగం రాసెయ్యండి, రెండు వేలు అని, ఎవరు చూస్తారు" అన్నాడు. చూసేవాళ్ళు ఉన్నారు బాబూ. లిస్టింగ్‌లో ధర ఎవరికైనా కనిపిస్తుంది, ఎక్స్‌పోర్ట్ బిల్లులో ఒకటి బ్యాంకులో పడ్డ డబ్బు ఒకటి అయితే రేపు బ్యాంకు వాడు అడుగుతాడు, పార్సిల్ పోతే రాసిన విలువకి మించి పైసా రాదు. పైగా తప్పు విలువ దొరికితే ఆగేది ఆవిడ పార్సిల్, నాది కాదు. భయం వల్ల చేయలేదా నిజాయితీ వల్ల చేయలేదా అంటే రెండూ కొంచెం కొంచెం.

చివరికి ఆవిడకే లెక్క మొత్తం రాసి పంపా, బాబాయి గారికి ఇచ్చేది ఇంత, నాకు మిగిలేది ఇంత, డ్యూటీ ఇంత అని. పది నిమిషాల్లో రిప్లై, "పదిహేను వందలు నేను వేస్తా, మిగతాది మీరు చూసుకోండి". ఏడొందలు నాకు పడింది. ఆ సెట్టు మీద నాకు లాభం లేదు, ఓ వంద రెండొందలు ఎదురు పెట్టా. ఫర్వాలేదు.

దీపావళి వెళ్ళాక బుక్ చేశా. కౌంటర్లో అమ్మాయికి కూడా కొత్త పద్ధతే, ఇద్దరం కలిసి స్క్రీన్ చదువుకున్నాం, డ్యూటీ రసీదు విడిగా వచ్చింది, దాన్ని ఫోటో తీసి ఆవిడకి పంపా. నవంబర్ చివర్లో అందింది, గుమ్మంలో ఎవరూ డబ్బు అడగలేదు. సంక్రాంతికి ఫోటో పంపింది, గొల్లభామల పక్కన మన దశావతారాలు, పరశురాముడి గొడ్డలి సరిగ్గానే ఉంది, ఈసారి మత్స్యావతారం తోక చివర కొంచెం పెచ్చు లేచిందట, పాపాయి నోట్లో పెట్టుకుందట. ఆటవస్తువు కాదు అని రాశా కదండీ అన్నా.

ఈ అమెరికా రేట్లు నేను కట్టినప్పటివి, అవి మారుతూనే ఉంటాయి, మీరు బుక్ చేసే రోజు కౌంటర్లో అడిగి కనుక్కుని కస్టమర్‌కి చెప్పండి, ఆర్డర్ తీసుకోకముందే. నేను ఇప్పుడు ప్రతి లిస్టింగ్ కిందా దేశం పేరు రాసి టాక్స్ ఎవరు కడతారో తెలుగులో ఇంగ్లీషులో రాసి పెట్టా. "కస్టమ్స్ ఉండదు" అనే మాట ఎక్కడా లేదు.

నిన్న టొరంటో నుంచి ఆర్డర్ వచ్చింది, ఎద్దులబండి బొమ్మ, 55 కెనడా డాలర్లు. అక్కడ పోస్టులో వచ్చేదానికి మినహాయింపు 20 డాలర్లే, పైన టాక్స్ పడుతుంది, దాన్ని వసూలు చేసినందుకు అక్కడి పోస్టు వాళ్ళు ఇంకో పది డాలర్ల దాకా తీసుకుంటారు. గిఫ్ట్ అయితే 60 వరకు వదిలేస్తారు, ఆవిడ అదే అడిగింది, "గిఫ్ట్ అని రాయరా ప్లీజ్, తమ్ముడు పంపినట్టు". రాయనండీ, మీ తమ్ముడు కొని మీకు పంపితే అది గిఫ్టు, మీరు నాకు డబ్బు కట్టి కొంటే కాదు, వద్దనుకుంటే ఆర్డర్ క్యాన్సిల్ చేస్తా అని మెసేజ్ పెట్టా. బండి టేబుల్ మీద ఉంది, కాగితం చుట్టి, బాక్సు మూత వేయకుండా. ఇంకా రిప్లై రాలేదు.